జహీరాబాద్ దాకా

వానాకాలంలో గోవా పోదామన్నది నా ఆలోచన కాదు. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే మా ఇంట్లో ఈనాటికీ ఆ ప్రయాణం ఊసెత్తితే చాలు, అందరి చూపులూ నా వైపే తిరుగుతాయి.

నేను సుల్తాన్‌పూర్‌లో వైద్య పరికరాలు తయారుచేసే ఫ్యాక్టరీలో పనిచేస్తాను. సెలైన్ పైపులు అతికించే లైను నాది. తల నుంచి కాళ్ల దాకా తెల్ల తొడుగు వేసుకుని, కళ్లు మాత్రం బయటపెట్టి నిలబడాలి. మా ఆయన పటాన్‌చెరులో ఒక మందుల కంపెనీలో బాయిలర్ దగ్గర ఉంటాడు. ఆయనదీ షిఫ్టే, నాదీ షిఫ్టే. ఒకరు చెప్పులు విప్పుతుంటే ఇంకొకరు తొడుక్కుంటుంటాం. పెళ్లయిన ఇన్నేళ్లలో ఇద్దరికీ ఒకేసారి వరుసగా నాలుగు రోజుల సెలవు దొరికింది లేదు. ఆ ఏడు మాత్రం మా కంపెనీలో లైను బాగుచేయాలని అందరినీ ఇంటికి పంపారు. సరిగ్గా అదే వారం ఆయన ప్లాంటులోనూ షట్‌డౌన్ పడింది. మేం అడిగిన సెలవు కాదు, వాళ్లు ఇచ్చిన సెలవు. అది వానాకాలం నడిమధ్యన వచ్చింది. ఎండాకాలంలో ఇమ్మంటే ఎవరిస్తారు?

ఆయన ఫోన్ పట్టుకుని రెండు రోజులు కూర్చున్నాడు. మూడో రోజు ముఖం వెలిగిపోతూ వచ్చి, "గోవాల రూములన్ని సగం రేటుకే ఉన్నయి. సీజన్ గాదు గదా," అన్నాడు.

"సీజన్ ఎందుకు గాదో గా సంగతి గూడ సూడు," అన్నాను.

"వానే గదా. సముద్రం మీద వాన పడితే ఇంక మంచిగుంటదట."

ఈ మాట వంటింట్లో ఉన్న మా అత్తమ్మ చెవిన పడింది. అంతే, అయిపోయింది. అంతకు ముందు ఆమె మహిళా సంఘం వాళ్లు బాపట్ల వైపు పోయి సముద్రంలో నిలబడి ఫొటోలు దిగి వచ్చారు. అప్పుడు ఆమెకు మోకాళ్ల నొప్పి, పోలేకపోయింది. ఆ ఫొటోలు ఆమెకు ఎంతమంది చూపించారో, ఎన్నిసార్లు చూపించారో నాకు తెలియదు కానీ, ప్రతిసారీ ఇంటికొచ్చి గిన్నెలు గట్టిగా పెట్టేది. ఇప్పుడు చీర కొంగుతో చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చి, "నేను గూడ వస్త," అంది. అడగలేదు, చెప్పింది.

ఇక మా నాయిన. మా ఊరు సదాశివపేట దగ్గర. అమ్మ పోయాక అక్కడ అన్న దగ్గరే ఉంటాడు. కంటి ఆపరేషన్ చేయించుకుని నల్లద్దాలు పెట్టుకుని, చుక్కలు వేయడానికి మనిషి కావాలని మా ఇంటికొచ్చి ఉన్నాడు. అన్న వాళ్లు నాట్ల పనిలో ఉన్నారు. ఆయన్ని ఒక్కణ్ణి వదిలి పోలేం. కాబట్టి కారులో ముందు మేమిద్దరం, వెనక అత్తమ్మా, నాయినా. మా పాప గురుకులంలో చదువుతోంది కాబట్టి ఈ అదృష్టం తప్పించుకుంది.

వియ్యంకుడూ వియ్యపురాలూ ఒకే సీటులో అన్ని వందల కిలోమీటర్లు కూర్చోవడమంటే ఏమిటో, అనుభవిస్తే తప్ప తెలియదు. ఆమె ఆయన్ని "అన్నా" అంటుంది, ఆయన ఆమెను "చెల్లె" అంటాడు. ఆ మర్యాదంతా పిలుపు దాకానే. పటేల్‌గూడ దాటకముందే మొదలైంది.

"అన్నా, జెర అద్దం ఎక్కియ్యే. జల్లు కొడుతుంది."

"గాలి ఆడొద్దా చెల్లె? నీ జండూబామ్ వాసనకు నా పానం వోతుంది."

అద్దం ఎక్కేది, దిగేది. దిగేది, ఎక్కేది. మా కారు మా ఆయన దోస్తు దగ్గర కొన్నది. ఎడమ వైపు వైపరు దాని ఇష్టం ఉంటేనే తిరుగుతుంది. లోపల ఊపిరికే అద్దాలన్నీ మంచు పట్టాయి. నాయిన వెనక నుంచి వంగి తన తువ్వాలతో ముందద్దం తుడవబోతే, మా ఆయన "మామా, నాకు తొవ్వ కనబడుతలేదు," అని మొత్తుకున్నాడు. అప్పటికింకా ముత్తంగి రాలేదు.

వాన రాత్రి నుంచే పడుతోంది. నిజానికి మేం బయల్దేరకూడదు. నేను పొద్దున లేచి కిటికీ తీసి చూసి ఆ మాటే అన్నాను. మా ఆయన "చూద్దాం" అన్నాడు. ఆయన నోట్లో ఆ మాట తప్ప ఇంకోటి లేదు. నాయిన ఆకాశం వైపు నల్లద్దాలు ఎత్తి, "ఇగ ఆగిపోతది బిడ్డా. తెల్లబడుతుంది సూడు," అన్నాడు. ఆపరేషనైన కంటికి ఏం తెల్లగా కనబడిందో ఏమో. అత్తమ్మ అప్పటికే సర్వపిండి, పులిహోర, పచ్చడి డబ్బాలు కారులో పెట్టేసి, ముందు సీటులో ఒకసారి కూర్చుని చూసి, నేను చూడటం చూసి వెనక్కి జరిగింది.

ఇస్నాపూర్ దగ్గర లారీలు వరసగా ఆగి ఉన్నాయి. రుద్రారం దాకా పాకుతూ పోయాం. కంది దాటాక కాస్త జోరు అందుకున్నాం. సంగారెడ్డి చౌరస్తాలో చాయ్ తాగాం. చాయ్ హోటలాయన మా సామాను చూసి ఎక్కడికని అడిగాడు. గోవా అని మా ఆయన గర్వంగా చెప్పాడు. ఆ హోటలాయన ఇంకోసారి మా ముఖాలు చూసి గ్లాసులు కడుక్కున్నాడు.

సదాశివపేట దాటిన తర్వాత అసలు సంగతి తెలిసింది. హైవే మీద వంతెన కొత్తగా కడుతున్న చోట, పక్కనుంచి వేసిన మట్టి రోడ్డును వాగు కోసుకుపోయింది. పోలీసులు డ్రమ్ములు అడ్డం పెట్టి నిలబడ్డారు. అవతలి వైపు కూడా ఇలాగే బండ్లు వరుసగా ఆగి ఉన్నాయి. నడుమ ఎర్ర నీళ్లు ఒక చెట్టు కొమ్మను తిప్పుకుంటూ పోతున్నాయి. మా ఆయన దిగిపోయి అరగంట తర్వాత తడిసి ముద్దయి వచ్చాడు.

"ఏమంటున్నరు?"

"ఎప్పుడు తెరుస్తరో తెల్వదంటున్నరు. చూద్దాం."

"ఏం చూద్దం? నీళ్లు కనబడుతున్నయి గదా, ఇంకేం చూద్దం?"

"ఆగిపోతది బిడ్డా," అన్నాడు నాయిన వెనక నుంచి. "మా చిన్నప్పుడు గిసోంటి వాన వస్తే పొద్దుగాల వడి మాపటికి ఆగేది."

అత్తమ్మ కారు దిగి, గొడుగు వేసుకుని, చీర ఎత్తి పట్టుకుని డ్రమ్ముల దాకా పోయింది. ఒక కానిస్టేబుల్‌తో చేతులూపుతూ ఏదో మాట్లాడి తిరిగొచ్చి కూర్చుంది. "మోమిన్‌పేట తొవ్వ ఉందట. గట్ల పోవచ్చట." ఆ కానిస్టేబుల్ నిజంగా అన్నాడో, ఈమే అనిపించిందో ఇప్పటికీ అనుమానమే. ఎందుకంటే కారు తిప్పుకుని మోమిన్‌పేట రోడ్డు పట్టి కొంత దూరం పోయామో లేదో, అక్కడా కల్వర్టు మీద నుంచి నీళ్లు పారుతున్నాయి. ఒక ట్రాక్టరాయన ఇవతల ఆగి బీడీ వెలిగించుకోలేక అవస్థపడుతున్నాడు. మమ్మల్ని చూసి, "ఏడికి అన్నా?" అని అడిగాడు. ఈసారి మా ఆయన గోవా అని చెప్పలేదు. "గీడికే," అన్నాడు.

ఇక ఇంటికి పోదామన్నాను. మా ఊరు దగ్గరే కదా, అన్న ఇంటికి పోదామని నాయిన అన్నాడు కానీ, ఫోన్ చేస్తే ఊరి రోడ్డు మీదే నీళ్లున్నాయని అన్న చెప్పాడు. అత్తమ్మ కళ్లు మూసుకుని కూర్చుంది. నిద్రపోలేదు, అది నాకు తెలుసు. నిద్రపోతే ఆమె గురక పెడుతుంది.

మళ్లీ సంగారెడ్డి, మళ్లీ కంది, మళ్లీ లారీల వెనకే ఇస్నాపూర్. పటాన్‌చెరు చేరేసరికి మా పక్కింటామె ఫోన్ చేసింది. "ఏడున్నరు? రాకుండ్రి. చెరువు అలుగు పారుతుంది. మన గల్లీల నడుముల్దాక నీళ్లున్నయి. మీ ఇంట్లకు గూడ వచ్చినయి. మేం పైన ఓనరోళ్ల ఇంట్లున్నం." ఆమె గొంతులో బాధకంటే సంబరమే ఎక్కువున్నట్టు నాకు తోచింది. బహుశా అది నా చిరాకే కావచ్చు.

పొమ్మంటే అటు తొవ్వ లేదు, రమ్మంటే ఇటు తొవ్వ లేదు. బస్టాండు దగ్గర హైవే మీదున్న ఒక లాడ్జి ముందు కారు ఆపాం. ఇంటికి బస్సులో పోతే కునుకు తీసేలోపు వచ్చేంత దూరంలో లాడ్జి రూము తీసుకున్న కుటుంబం ఆ రోజు మాదొక్కటే కాదు గానీ, ముందు రోజు ఊరంతా గోవా పోతున్నామని చెప్పుకుని వచ్చిన కుటుంబం మాత్రం మాదే.

"ఏక్ హీ రూమ్ హై," అన్నాడు కౌంటరు దగ్గరున్నతను. ఒక్కటే గది మిగిలిందట. వాన వల్ల ఆగిపోయిన లారీ డ్రైవర్లు, షెడ్లలోకి నీళ్లొచ్చిన ఒడిశా, బీహార్ పనివాళ్లు వరండాలో కూడా పరుచుకుని పడుకున్నారు. మాకు దొరికిన గదిలో ఒక మంచం, ఒక కుర్చీ, ఎవరో మరచిపోయిన ఒక కాలి మేజోడు. కరెంటు వస్తూ పోతూ ఉంది. మంచం మీద అత్తమ్మా నేనూ, కింద దుప్పటి మీద నాయినా మా ఆయనా. తడి చీరలు ఫ్యాను రెక్కల మీద ఆరేశాం, ఎలాగూ ఫ్యాను తిరగదు కాబట్టి.

ఆ గదిలో మేం గడిపిన ఒకటిన్నర రోజు గురించి ఎంత తక్కువ చెబితే అంత మంచిది. సర్వపిండి మెత్తబడింది. పులిహోర వాసన వచ్చింది. నాయిన కంట్లో చుక్కలు వేయబోతే "నీ గోరు తగులుతుంది బిడ్డా," అంటాడు. వేయకపోతే "యాళ్ల దాటిపోయింది," అంటాడు. అత్తమ్మ కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని హైవే వైపు చూస్తూ, ముంబై బోర్డున్న బస్సు కనబడినప్పుడల్లా "అగో, పోతనే ఉన్నయి," అనేది. ఆ బస్సులు పోవడం లేదు, వెనక్కి వస్తున్నాయని మా ఆయన చెబితే, "వచ్చినయంటే పోయినట్టే గదా," అంది. మా ఆయన ఫోనులో వాన మ్యాపు పెట్టుకుని, నీలం రంగు ఎటు జరుగుతోందో మాకు గంట గంటకూ చెప్పేవాడు. అది ఎటు జరిగినా మా మీదే ఉండేది.

రెండో రోజు మధ్యాహ్నం నేను కింద హోటల్ నుంచి అన్నం పొట్లాలు తెచ్చేసరికి ముగ్గురూ మాట్లాడుకుంటున్నారు. నేను లోపలికి రాగానే ఆగిపోయారు. ఆగిపోతే నాకు ఇంకా చిరాకు.

"ఏమైంది?"

"ఏం లేదు," అన్నాడు మా ఆయన.

"ఏం లేదేంది?" అంది అత్తమ్మ. "నేనే అంటున్న. మంచి కాలంల సెలవు పెట్టరాదా అంటున్న. అందరు సంక్రాంతికో, ఎండాకాలంలనో పోతరు. ఈ పిల్లకు గిప్పుడే దొరికింది సెలవు."

నేను సెలవు పెట్టలేదు. ఆ సంగతి ఆమెకు తెలుసు. కంపెనీ తలుపు మూసి పొమ్మంది. రోజూ నిలబడి నిలబడి కాళ్లు వాచి వచ్చి, ఆమెకు అన్నం వండిపెట్టి, ఆయనకు డబ్బా కట్టి, ఈ ప్రయాణానికి బట్టలన్నీ సర్ది, ఇప్పుడు ఇంట్లో బియ్యం డబ్బా నీళ్లలో తేలుతోందో మునిగిందో తెలియక నిలబడ్డ నాకు ఆ మాట మెదడులో ఎక్కడో తగిలింది. అన్నం పొట్లాలు మంచం మీద పడేశాను.

"నేనా పెట్టింది సెలవు? గోవా అన్నది నేనా? పొద్దుగాల లేచి పోవొద్దన్నది ఎవరు? ఒకాయన చూద్దాం అంటడు. ఒకాయన ఆగిపోతదంటడు. నువ్వేమో పోదాం, పోదాం! అంత పోవాలని ఉంటే బస్సెక్కి పో అత్తమ్మా! సర్కారు బస్సుల ఆడోళ్లకు టికెట్ గూడ లేదు గదా. ఎవ్వలు ఆపుతున్నరు నిన్ను?"

వరండాలో లారీ డ్రైవర్ల మాటలు ఆగిపోయాయి. ఇన్నేళ్లలో ఆమె ముందు నేను గొంతు పెంచడం అదే మొదటిసారి. నాయిన నల్లద్దాలు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు. అత్తమ్మ నా వైపు చాలాసేపు చూసింది. కోపంగా కాదు. ఏదో లెక్క కడుతున్నట్టు చూసింది. తర్వాత ఒక పొట్లం విప్పి తినడం మొదలుపెట్టింది. ఆ సాయంత్రమంతా ఆమె నాతో మామూలుగానే మాట్లాడింది, అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

మరునాడు పొద్దున నేను లేచేసరికి వాన జల్లుకు దిగింది. పక్కన అత్తమ్మ లేదు. బాత్రూముకు పోయిందనుకున్నాను. కాసేపాగి చూస్తే ఆమె చేతిసంచీ లేదు, గొడుగు లేదు. నాయిన గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు.

"నాయినా, అత్తమ్మ ఏది?"

"'పోయొస్త అన్నా' అన్నది. 'మంచిది చెల్లె' అన్న."

"ఏడికి?"

"చాయ్ తాగెటందుకు అనుకున్న."

"చాయ్‌కు ఆధార్ కార్డు ఎందుకు నాయినా?" ఆధార్ కార్డు పెట్టుకునే ప్లాస్టిక్ కవరు కూడా కిటికీ మీద లేదు. అది చూపిస్తేనే ఆడవాళ్లకు బస్సులో టికెట్ ఉండదు.

ఆమె ఫోన్ ఆపేసి ఉంది. అది కొత్తేమీ కాదు, బ్యాటరీ అయిపోతుందని ఆమె ఎప్పుడూ ఆపే ఉంచుతుంది. ఎవరికైనా చేయాలంటేనే తీస్తుంది. మా ఆయన చొక్కా గుండీలు ఒకటి వదిలి ఒకటి పెట్టుకుని మెట్లు దిగి పరుగెత్తాడు. ఈసారి "చూద్దాం" అనలేదు. చాయ్ బండ్లు, గుడి దగ్గర, రోడ్డవతల కూరగాయల అంగడి, అన్నీ తిరిగాడు. నేను బస్సులాగే చోట పూలు అమ్మే ఆమెను అడిగాను.

"నీలి రంగు గొడుగా? లావుగ ఉంటది గా ముసలమ్మేనా? జహీరాబాద్ బస్సెక్కింది. పోంగ పోంగ నా దగ్గర మూరెడు మల్లెపూలు గూడ కొన్నది."

మల్లెపూలు! ఆ మాటకు నాకు కాళ్లలోంచి పైకి మంట లేచింది. ఇక్కడ ముగ్గురం ముఖాలు కడుక్కోకుండా వెతుకుతుంటే, ఆమె పూలు పెట్టుకుని బస్సెక్కింది.

ముగ్గురం కారెక్కాం. నాయిన ఒక్కడే వెనక సీటంతా తీసుకుని మధ్యలో కూర్చున్నాడు. అద్దం దింపుకున్నాడు, మళ్లీ తనే ఎక్కించుకున్నాడు. సంగారెడ్డి దాకా మా ఆయన స్టీరింగును నలిపేస్తున్నట్టు పట్టుకున్నాడు.

"నువ్వు గట్ల అనకుంట ఉండాల్సింది," అన్నాడు చివరికి.

"నువ్వు మొన్న పొద్దుగాల ఏదన్న ఒక్కటి అనుంటే, నేను గట్ల అనేదాన్నే గాదు," అన్నాను. ఆ మాటన్నందుకు నాకు ఇప్పటికీ బాధ లేదు.

సదాశివపేటలో ఉండగా ఫోన్ మోగింది. అత్తమ్మ. మా ఆయన బండి పక్కకు తీసి స్పీకరు పెట్టాడు. వెనక బస్టాండు మైకు వినబడుతోంది.

"నేను జహీరాబాద్ల దిగిన. మీరు లేచిన్రా? అన్నకు చుక్కలు ఏసిన్రా?"

"అమ్మా! చెప్పకుంట పోతవా? ఎంత పరేషాన్ అయినం తెలుసా?"

"మీ మామకు చెప్పిన గదా. సరే, సెల్లు ఆగిపోతది, పెడుతున్న." పెట్టేసింది.

మేం తిరిగి వెళ్లిపోయిన ఆ చోటికి వచ్చాం. వాగు తగ్గింది. కోసుకుపోయిన చోట రాళ్లు, మట్టి పోసి, ఒక్కో వైపు నుంచి ఒక్కో బండిని వదులుతున్నారు. కారు చక్రాలు బురదలో ఒకటి రెండుసార్లు జారాయి. కిందికి చూస్తే ఎర్ర నీళ్లు ఇంకా వడిగానే ఉన్నాయి. ఇదే మట్టి మీద నుంచి, కిటికీ పక్కన మల్లెపూలతో కూర్చుని, ఆమె పొద్దున్నే దాటిపోయింది. నాయిన మాత్రం, "గీ పాటి దానికేనా మొన్న మర్లిపోయింది మనం?" అన్నాడు. మొన్న ఇదే మనిషి కారులో దండం పెట్టుకుంటూ కూర్చున్నాడు.

జహీరాబాద్ బస్టాండులో ఆమె ఒక సిమెంటు బెంచీ మీద కాళ్లు ముడుచుకుని కూర్చుని ఉంది. పక్కన పరిచయం లేని ఒక కర్ణాటక ఆమె. ఇద్దరూ ఒకే కాగితంలోంచి మిర్చీ బజ్జీలు తింటున్నారు. ఆమెది కన్నడం, ఈమెది తెలుగు, నడుమ కాస్త హిందీ. మమ్మల్ని చూసి అత్తమ్మ చేయి ఊపింది, పెళ్లిలో ఆలస్యంగా వచ్చిన చుట్టాలను చూసినట్టు.

మా ఆయన బెంచీ ముందు నిలబడి అరిచాడు. తల్లి మీద ఆయన అరవడం నేను చూడలేదు. "నీకేమన్న అయితే? బస్సు వాగుల వడితే? ఎవ్వలకు తెలుస్తది నువ్వేడున్నవో?"

"బస్సుల నలభై మందున్నరు. నాకొక్కదానికే అయితదా?" అంది ఆమె. తర్వాత నా వైపు తిరిగి, "నువ్వే గదా బస్సెక్కి పొమ్మంటివి. ఎక్కిన," అంది.

"కోపంల అన్న అత్తమ్మా. కోపంల అన్నదానికి బస్సెక్కుతరా ఎవరన్న?"

"కోపంల అన్నా మాట మంచిదే గదా."

"మరి గోవా దాకా పోకుంట గీడనే ఎందుకు దిగినవు?" అన్నాను, వెక్కిరింపుగా.

ఆమె గంభీరంగా చెప్పింది. "ఫిరీ గీడి దాకనేనట. ఈడికెల్లి కర్ణాటక బస్సు ఎక్కాల్నట. మన ఆధార్ సెల్లదట. టికెట్ కొనాల్నట. నా దగ్గర ఏడున్నయి పైసలు? పూలకు, బజ్జీలకే అయిపాయె."

నాయిన నవ్వడం మొదలుపెట్టాడు. ఆయన నవ్వితే దగ్గొస్తుంది, దగ్గితే నల్లద్దాలు జారిపోతాయి. అవి పట్టుకుంటూ, "అల్లుడా, కొట్లాడకు," అన్నాడు. "మనం మూడు దినాల నుంచి తడిసిన కోళ్ల తీరు కూసున్నం. ఈమె ఒక్కతి జహీరాబాద్ సూసొచ్చింది." ఆ మనిషి ఆమె పక్షాన మాట్లాడటం నేను వినడం అదే మొదలు. అత్తమ్మకూ అది కొత్తే. ఒక బజ్జీ తీసి "తిను అన్నా," అని ఇచ్చింది. కారం, కన్ను మంటొస్తుందని నేను మొత్తుకుంటున్నా ఆయన తినేశాడు. దారంతా ఆ కన్ను నీళ్లు కారుతూనే ఉంది.

బీదర్ పోదామా అని ఆమె అడిగింది. దగ్గరే, కోట ఉంటుందట, ఆ కర్ణాటక ఆమె చెప్పిందట. మా ఆయన నా వైపు చూశాడు. నాకు ఇంక ఒక్క రోజు సెలవే మిగిలింది. అదే సమయానికి పక్కింటామె ఫోన్ చేసి, నీళ్లు తీసినయి, జల్దీ రండ్రి, లోపలంతా బురదుంది, అని చెప్పింది. "ఇంటికి," అన్నాను. ఆ ప్రయాణంలో ఎవరైనా తేల్చి చెప్పిన మాట అదొక్కటే. ఎవరూ ఎదురు చెప్పలేదు. అత్తమ్మ మాత్రం కారు దగ్గరికి వచ్చాక ముందు తలుపు తెరుచుకుని ముందు సీటులో కూర్చుంది. నేను నాయిన పక్కన వెనక కూర్చున్నాను. పటాన్‌చెరు దాకా ఆమె ఆ బస్సులో ఎవరెవరు ఎక్కారో, కండక్టరు ఎక్కడివాడో, అతని బిడ్డ ఏం చదువుతోందో, అన్నీ చెప్పింది.

ఇంట్లో చీలమండల దాకా బురద. బియ్యం డబ్బా మూత గట్టిగా ఉంది కాబట్టి బియ్యం బతికాయి. పరుపు పోయింది. చీకటి పడేదాకా నలుగురం బకెట్లు పట్టుకుని ఎత్తిపోశాం. నాయిన చేయొద్దన్నా చీపురు వదల్లేదు. పైన ఓనరు వాళ్లావిడ కిందికి దిగి, "గోవా ఎట్లుందమ్మా?" అని అడిగింది. నేను చీపురు ఎత్తేలోపే అత్తమ్మ జవాబు చెప్పింది. "రోడ్లు మంచిగ లేవు. నేనొక్కదాన్నే పోయొచ్చిన, జహీరాబాద్ దాకా."

ఇక ఆ తర్వాత వచ్చిందే నాకు అసలు బాధ. ఆ కథ సంఘంలో చెప్పింది, చుట్టాలకు చెప్పింది. చెప్పిన కొద్దీ వాగులో నీళ్లు పెరిగాయి. మొదట బస్సు టైరు మునిగింది, తర్వాత మెట్టు మునిగింది, దసరా నాటికి నీళ్లు కిటికీ దాకా వచ్చాయి. నేను సరిచేయబోతే, "నువ్వున్నవా ఆడ?" అంటుంది. నిజమే, నేను లేను.

అంతటితో ఆగితే బాగుండేది. ఇప్పుడు ఆమెకు బస్సు మరిగింది. మోకాళ్ల నొప్పి ఏమైందో తెలియదు. నెలకు రెండుసార్లు సంచీ సర్దుతుంది. మెదక్ పోయింది, వేములవాడ పోయింది, సంఘం వాళ్లను వెంటేసుకుని నాగార్జునసాగర్ దాకా పోయి వచ్చింది. చెప్పి పోదు. చెబితే నేను వాన మ్యాపు చూపిస్తానట. నేను లైను మీద నుంచి బయటికొచ్చి తొడుగు విప్పి లాకరులోంచి ఫోన్ తీసి చేస్తే, ఆపేసి ఉంటుంది. అన్నిటికంటే ఘోరం ఏమిటంటే, మొన్న మమ్మల్ని చూడటానికొచ్చిన మా నాయిన కూడా ఆమె గుంపుతో ఏడుపాయల గుడికి పోయాడు. ఆయనకు టికెట్ కొనాలి కదా. బస్సులో అందరిలోకీ తనొక్కడే పైసలు పెట్టానని తిరిగొచ్చిన దగ్గర్నుంచీ నా ప్రాణం తింటున్నాడు.

ఈ ఏడు కూడా కంపెనీలో షట్‌డౌన్ నోటీసు పెట్టారు. మళ్లీ వానల్లోనే. మా ఆయన ఫోన్ పట్టుకుని పక్కన కూర్చుని, ఎటు పోదామని మెల్లగా అడిగాడు. నాలుగు రోజులూ పడుకుంటానని చెప్పాను.

"చూద్దాం," అన్నాడు.